గంజాయి: ఎవరి స్వేచ్ఛ, ఎవరి మీద బరువు

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయంలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. బాబూ, వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కిటికీ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, నిలబడితే కాళ్లు నొప్పెడతాయి.

ఈ మీటింగ్ పెట్టమని అడిగింది నేనే. ఈమధ్య ఒక కాలేజీలో మత్తు పదార్థాల మీద అవగాహన సదస్సుకు వెళ్లాను. అందరం మాట్లాడాం. చివర్లో ఒక కుర్రాడు లేచి, "సార్, నా ఒళ్లు నా ఇష్టం కదా. మందు షాపుకి గవర్నమెంటే లైసెన్స్ ఇస్తుంది, గంజాయి తాగితే మాత్రం జైలా?" అన్నాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. వేదిక మీద ఒకాయన అతన్ని కూర్చోమని కసిరారు. అతను కూర్చున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఆ హాల్లో ఒక్కడైనా ఉండాల్సింది. ముప్పై ఏళ్లకు పైగా ఈ కేసులు చూస్తున్న నేనే చెప్పాల్సింది. చెప్పలేదు. అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ముందు ఆ కుర్రాడి తరఫున వాదిస్తాను. వకీలుగా నాకు తెలిసిన పద్ధతి అదే.

2017 ఆగస్టులో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత మనిషి ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ మరుసటి ఏడాది దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం గోప్యత హక్కునే ఆధారం చేసుకుని, పెద్దవాళ్లు నాలుగు గోడల మధ్య సొంతానికి గంజాయి వాడుకుంటే నేరం కాదని తీర్పు ఇచ్చింది. మన రాజ్యాంగం 47వ అధికరణం మాట వేరు. ఆరోగ్యానికి హాని చేసే మత్తు మందులను నిషేధించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని అది చెబుతుంది. నిజమే. కానీ అదే వాక్యంలో మత్తు మందుల కన్నా ముందు మత్తు పానీయాల పేరుంది. ఆ సగాన్ని మనం చదవడం మానేశాం.

హాని సంగతికి వస్తే, 2019లో ప్రపంచం మొత్తం మీద మద్యం వల్ల సుమారు 26 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. గంజాయి మోతాదు మించి, దానివల్లే నేరుగా ప్రాణం పోవడం దాదాపు ఉండదు. ఎయిమ్స్ వాళ్లు దేశమంతా సర్వే చేసి 2019లో బయటపెట్టిన లెక్కల్లో మద్యం తాగేవాళ్లు 16 కోట్లు. ఒకే మొక్క నుంచి వచ్చే భంగు, గంజాయి, చరస్ అన్నీ కలిపి వాడేవాళ్లు 3 కోట్ల 10 లక్షలు. కాబట్టి ఆ కుర్రాడు ఎత్తి చూపిన తేడా నిజమైన తేడానే.

పైగా ఈ మొక్క మనకు పరాయిది కాదు. శివరాత్రి జాతరలో బైరాగి చేతిలో చిలుం చూడని పెద్దవాళ్లు ఇక్కడ ఎవరున్నారు? తెల్లవాళ్లు 1893లో దీని మీద ఒక కమిషన్ వేశారు. అది ఊరూరా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించింది. మితంగా వాడేవాళ్లకు పెద్ద హాని కనిపించలేదని, పూర్తిగా నిషేధించవద్దని, పన్ను వేసి అదుపులో పెట్టమని చెప్పింది. 1961లో మత్తు మందుల మీద అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. దాన్ని అనుసరించే మన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు మందుల చట్టం, 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. ఒట్టి ఆకు కాదు. అందుకే కాశీలో భంగు దుకాణం బహిరంగంగా నడుస్తుంది. ఒకటే మొక్క. ఆకు నూరి పాలలో కలిపితే పండగ, పూత ఎండబెట్టి కాలిస్తే కేసు.

ఇంతవరకు నేను ఆ కుర్రాడి వకీలుని. ఇక మన ఊరి సంగతి చెప్పాలి.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఈ చర్చ జరిగితే, తాగేవాడి గురించే జరుగుతుంది. అక్కడ గంజాయి అంటే కాగితం పొట్లంలో చేతికొచ్చే సరుకు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు గంజాయి అంటే దారి. పైన చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు. ఒడిశా సరిహద్దు దాటితే కోరాపుట్, మల్కాన్‌గిరి. అక్కడి 'శీలావతి' రకానికి దేశమంతా గిరాకీ. ఆ సరుకు మన వైపు కిందికి దిగాలంటే అరకు ఘాట్ మీదుగా ఎస్.కోట రావాలి. లేదంటే రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైల్లో మన స్టేషన్‌కి రావాలి. ఆ లైను హౌరా–చెన్నై లైనుతో కలిసేది ఇక్కడే కదా. శ్రీకాకుళం వైపైతే పాతపట్నం, ఇచ్ఛాపురం. 2021 అక్టోబరు చివర్లో పోలీసులు 'పరివర్తన' పేరుతో ఏజెన్సీలో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయి ఒకేచోట కుప్పలు పోసి కాల్చారు. తోటలు తగ్గాయి. దారి మాత్రం మిగిలింది. ఒడిశా నుంచి వచ్చే సరుకుకీ ఇదే దారి.

ఈ దారిలో దొరికేది ఎవరో చెబుతాను.

ఒక కుర్రాడు, పందొమ్మిదేళ్లు. కొండ మీది ఊరు. మన స్టేషన్ ప్లాట్‌ఫారం మీద రెండు బ్యాగులతో దొరికాడు. తూకం వేస్తే 22 కిలోలు. అతనికి ఇస్తామన్నది 5 వేల రూపాయలు. "రైలెక్కి పడుకో, దిగిన చోట మనోడొకడు వచ్చి తీసుకుంటాడు" అని చెప్పారట. చట్టం ప్రకారం కిలో లోపు చిన్న మొత్తం, దానికి ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం. దానికి తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువైతే ఇరవై ఏళ్లు, జరిమానా లక్షకు తగ్గదు. పదేళ్ల కన్నా తగ్గించే వీలు జడ్జిగారికి లేదు. బెయిల్ కూడా కష్టం. ఈ మనిషి నేరం చేయలేదని, బయటికొస్తే మళ్లీ చేయడని కోర్టుకు ముందే నమ్మకం కలగాలని 37వ సెక్షన్ చెబుతుంది. ఆ నమ్మకం కలిగించడానికి ఒక కొండ ఊరి కుర్రాడి దగ్గర ఏముంటుంది?

ప్రతి వాయిదాకీ వాళ్ల నాన్న వచ్చేవాడు. రెండు బస్సులు మారి, పొద్దున్నే వచ్చి కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చునేవాడు. నేను కనపడగానే లేచి ఒకటే మాట, "బాబూ, మా గుంటడు ఎప్పుడొత్తాడు?" వాయిదా పడిందని చెబితే తలూపి వెళ్లిపోయేవాడు. నా ఫీజు కోసం మేకలు అమ్మాడని నాకు తర్వాత తెలిసింది. ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను, కానీ మేకలు తిరిగి రాలేదు.

నాలుగేళ్లకు కొంచెం తక్కువగా కేసు నడిచింది. సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల రిపోర్టులోని తూకానికీ, కోర్టుకు తెచ్చిన సరుక్కీ పొంతన కుదరక కేసు కొట్టేశారు. బయటికొచ్చాక ఇంటికి ఫోన్ చేసుకోమని నా సెల్ ఇచ్చాను. చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఇంటి నంబరు మర్చిపోయాడు. బ్యాగులు కట్టించినవాడు, పెట్టుబడి పెట్టినవాడు, అవతల దించుకోవాల్సినవాడు, ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ కేసులో లేరు. ఒక సెల్ నంబరు మాత్రం ఉంది. అది స్విచ్ ఆఫ్.

"నా ఒళ్లు నా ఇష్టం" అన్న కుర్రాడిని నేను అడగాలనుకున్నది ఇది. నీ చేతికొచ్చిన ఆ పొట్లం బరువు ఐదు గ్రాములు. దాని వెనక ఉన్న 22 కిలోలు ఎవరి భుజం మీద ఉన్నాయో నీకు తెలుసా?

దానికి అతను తిరిగి ఒక జవాబు చెప్పగలడు. అది గట్టి జవాబు. "సార్, నిషేధం ఉంది కాబట్టే అతను దొంగతనంగా మోశాడు. చట్టబద్ధం చేస్తే లారీలో బిల్లుతో వెళ్తుంది, ఎవరూ జైలుకి పోనక్కర్లేదు." ఈ వాదన నన్ను చాలా కాలం పట్టుకుంది. కెనడా 2018 అక్టోబరులో తలుపులు తెరిచింది. అక్కడ దొంగ సరుకు ఏటికేడు తగ్గిన మాట, పొట్లం దగ్గరున్నందుకు కేసులు పడిపోయిన మాట నిజం. దాన్ని దాచి మాట్లాడితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే.

కానీ మనకు మన అనుభవం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. నేనప్పుడు జూనియర్‌ని. ఒడిశా సరిహద్దు దాటి సీసాలు ఎలా వచ్చేవో, తోటల్లో నాటుసారా ఎలా కాచేవారో, ఆ కేసులే మాకు తిండి పెట్టాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. నిషేధం ఒక్కటే నిలబడదని అప్పుడు నేర్చుకున్నాను.

ఎత్తేశాక ఏం జరిగిందో కూడా చూశాను కదా. షాపు చట్టబద్ధం. దాని కింద ఊరూరా పుట్టిన బెల్టు షాపులు? కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ల వెనక సీసా. 21 ఏళ్లు నిండనివాడికి అమ్మకూడదని మన చట్టంలో ఉంది. ఈ హాల్లో ఉన్న పిల్లల్ని అడుగుతున్నాను, మందు షాపు దగ్గర వయసు అడగడం మీలో ఎవరైనా చూశారా? (సభలో "లేదు" అన్న గొంతులు) లేదు. ప్రభుత్వాలు మారాయి, షాపుల పద్ధతులు మారాయి, మద్యం ఆదాయం లేకుండా బడ్జెట్ నడపగలమని చెప్పే ధైర్యం ఎవరికీ రాలేదు. తాగేవాడికి అలవాటైతే ఒక ఇల్లు పాడవుతుంది. ఖజానాకి అలవాటైతే ఆ అలవాటు మాన్పించేవాడు ఉండడు.

మత్తు వ్యాపారం ఏదైనా దాని లాభం ఎక్కడుందో ఆలోచించండి. నెలకోసారి సరదాగా వాడేవాడి దగ్గర ఉండదు. రోజూ వాడేవాడి దగ్గర ఉంటుంది. అమెరికాలో కొలరాడో 2014లో దుకాణాలు తెరిస్తే, చాక్లెట్లు వచ్చాయి, జెల్లీ బిళ్లలు వచ్చాయి, మామూలు గంజాయి కన్నా ఎన్నో రెట్లు ఘాటైన సారం వచ్చింది. కెనడాలో ప్రకటనల మీద కట్టుబాట్లున్నా, ఇంట్లో ఉన్న గంజాయి మిఠాయి తెలియక తిని ఆసుపత్రి పాలైన చిన్నపిల్లల సంఖ్య పెరిగింది. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తు మందుల జాబితాలోంచి తీసేసింది. వీధి వీధికీ వేల దుకాణాలు వెలిశాయి. మూడేళ్లు తిరిగేసరికి, 2025 జూన్‌లో, వైద్యుడి చీటీ ఉంటే తప్ప అమ్మకూడదని వెనక్కి తిరిగింది. ఉరుగ్వే వేరే దారి పట్టింది. పేరు నమోదు చేసుకున్న పౌరులకే, మందుల షాపులో, నెలకు 40 గ్రాములు, ధర ప్రభుత్వానిది, ప్రకటన అన్న మాటే లేదు. స్వేచ్ఛ పేరుతో అంగడి తెరవడానికీ, అంగడి లేకుండా స్వేచ్ఛ ఇవ్వడానికీ తేడా ఉందని నాకు ఆ దేశాన్ని చూశాకే అర్థమైంది. కానీ ఉరుగ్వే జనాభా సుమారు 35 లక్షలు. అంత కట్టుదిట్టంగా మన దగ్గర నడుస్తుందని నాకు నమ్మకం లేదు. మందు షాపు దగ్గర వయసు అడిగే రోజు వచ్చాక ఆ మాట ఆలోచిద్దాం.

ఇంకో ఇంటి సంగతి చెప్పాలి. వాళ్ల అనుమతితోనే, పేర్లు లేకుండా చెబుతున్నాను. మా వీధే. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాదిలో హాస్టల్లో మొదలుపెట్టాడు. ఇంజినీరింగ్‌కి వచ్చేసరికి రోజూ. తర్వాత ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నట్టు గొంతులు వినిపించడం మొదలైంది. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి, తలుపు వేసి మరీ చెప్పింది, "మావోడు బువ్వ తినడం మానీసినాడు బాబూ. గోడతోటి మాటాడతన్నాడు."

గంజాయి వాడే వాళ్లలో సుమారు పది మందిలో ఒకరు దానికి బానిసవుతారు. పదిహేను, పదహారేళ్లకే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరు. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది. ఆ వయసులో రోజూ ఘాటైన సరుకు వాడితే మతిభ్రమ వచ్చే ప్రమాదం ఎక్కువ. స్వేచ్ఛ గురించి మాట్లాడే పిల్లలు ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ పేరు చెబుతుంటారు. ఇతరులకు హాని లేనంతవరకు మనిషి జోలికి పోవద్దన్నాడు ఆయన. ఆ సూత్రం ఎదిగే పిల్లలకు వర్తించదని కూడా ఆయనే రాశాడు. తనను తాను బానిసగా అమ్ముకునే స్వేచ్ఛ అంటూ ఒకటి ఉండదనీ ఆయనే రాశాడు.

ఆ తల్లి మాటలో నన్ను ఎక్కువ కలచినది ఇంకోటి. పిల్లాడి పరిస్థితి ఏడాదిన్నర ముందే తెలుసట. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. ఎందుకమ్మా అంటే, "పోలీసులకి తెలిసిపోద్దని భయమేసింది, కేసైపోతే ఉజ్జోగం రాదు గదా" అంది. ఏడాదిన్నర! ఆ అబ్బాయి జబ్బు ముదిరింది ఆ ఏడాదిన్నరలోనే. గంజాయి వాడినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చని 27వ సెక్షన్‌లో ఉంది. వాడిన మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రికి వెళ్లి చికిత్స పూర్తి చేసుకుంటే ఆ కేసు నుంచి రక్షణ ఉందని 64ఏ సెక్షన్‌లో ఉంది. మొదటిది అందరికీ తెలుసు. రెండోది మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. (ఒకటి రెండు చేతులు లేచాయి) చూశారా. భయపెట్టే సెక్షన్ గోడల మీద పోస్టర్లలో ఉంటుంది. బతికించే సెక్షన్ పుస్తకంలో ఉంటుంది. మనం కూడా పిల్లలకు 'గంజాయి వనంలో తులసి మొక్క' అన్న సామెత తప్ప గంజాయి గురించి ఇంకేం చెప్పం.

కాబట్టి నా మాట ఇది. గంజాయికి దుకాణం వద్దు. ఏ కంపెనీకీ, ఏ ప్రభుత్వానికీ దాని మీద లాభం రాకూడదు. కానీ వాడినవాడు నేరస్థుడు కాకూడదు. అతని జేబులో దొరికిన పొట్లానికి డాక్టర్ ఉండాలి, వద్దనుకుంటే జరిమానా ఉండాలి. జైలు ఉండకూడదు. పోర్చుగల్ 2001 నుంచి అలా చేస్తోంది, దేశమేమీ కూలిపోలేదు. బ్యాగు మోసినవాడినీ పెట్టుబడి పెట్టినవాడినీ ఒకే తూకంలో వేయకూడదు. కిలోల లెక్క చూసి పదేళ్లు వేసే చోట, ఆ సరుకులో ఇతని వాటా ఎంత అని అడిగే అధికారం జడ్జికి ఉండాలి. కొండ మీద తోట నరికిన ఎకరాకి కాఫీయో మిరియమో నాటించి, కాపుకొచ్చే దాకా ఆ ఇంటికి బియ్యం, డబ్బు అందాలి. మిరియం తీగ కాయడానికి మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లూ ఆ ఇల్లు ఏం తింటుందో ఎవరూ అడగకపోతే, శీలావతి విత్తనం మళ్లీ మొలుస్తుంది.

(ఒక విద్యార్థి: సార్, అంటే పెద్దవాళ్లు తమ ఇంట్లో తాగొచ్చని మీరు ఒప్పుకున్నట్టేనా?)

తాగడం మంచిదని ఒప్పుకోవడం లేదు బాబూ. దానికోసం పోలీసు నీ ఇంట్లోకి రావడం తప్పని ఒప్పుకుంటున్నాను. ఈ రెండూ వేరు. నీ గదిలో నీకు స్వేచ్ఛ ఉంది. అమ్మే హక్కు అందులోకి రాదు. కొనేటప్పుడు ఆ సరుకు ఎవరి భుజం మీద వచ్చిందో నీకు పట్టదు అనడానికీ అది చాలదు. ఇవాళ ఈ దేశంలో శుభ్రమైన దారిలో వచ్చే గంజాయి లేదు. నువ్వు కొన్న ప్రతి పొట్లం ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదుగానో, అలాంటి ఇంకో దారిలోనో వచ్చిందే. చట్టం మారేదాకా ఆగమని నిన్ను అడుగుతున్నాను. చట్టం మార్చమని నీతో కలిసి నేనూ అడుగుతాను.

(ఒక తల్లి: బాబుగారూ, ఇంట్లో పిల్లాడి బ్యాగులో దొరికితే ఏం చేయాలండి?)

కొట్టకండమ్మా. ముందు అది చెబుతాను. ఇంట్లోంచి పొమ్మనకండి, వీధిలో నలుగురికీ చెప్పకండి. ఎప్పటి నుంచి, ఎంత, ఎవరితో అని నెమ్మదిగా అడగండి. నిద్ర పోతున్నాడా, తింటున్నాడా, ఒంటరిగా నవ్వుకోవడం, అనుమానపడటం ఉందా అని చూడండి. ఉంటే ఆ వారమే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 14446 అని ఒక ఫోన్ నంబరుంది, కేంద్రం నడుపుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. సలహా చెబుతారు. రాసుకోండి, ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. అమ్మినవాడి గురించి చెప్పాలనుకుంటే 1972కి చెప్పండి. అది మన రాష్ట్రంలో మత్తు మందులను అరికట్టే ఈగిల్ పోలీసు విభాగానిది. కానీ ముందు పిల్లాడు, తర్వాతే అమ్మినవాడు.

మీరు అడిగింది మీ అబ్బాయి గురించే అయితే, అందరూ వెళ్లాక ఆగండమ్మా. నేను ఇక్కడే కూర్చుంటాను.